క్వింటా గుండు

మద్దిలేటి ఆ గుండును ఎత్తి ఇరవై తొమ్మిదేళ్ళయింది. ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ సంగతి ఆయన నోటివెంట రాని రోజు ఒక్కటుంటే చూపించండి, చూద్దాం. పెళ్ళికి పోయినా అదే, చావుకు పోయినా అదే. ఎరువుల కొట్టు ముందు వరుసలో నిలబడి కూడా ముందున్నవాడి వీపు తట్టి, "క్వింటా గుండప్పా, క్వింటా! భుజం మింద నుంచి ఎనక్కి ఇసిరేసినా" అని మొదలుపెట్టేవాడు. ఓపికున్నవాళ్ళు విన్నారు, తప్పించుకోగలిగినవాళ్ళు తప్పించుకున్నారు. ఇంట్లోవాళ్ళకు తప్పించుకునే దారి లేదు.

ఆ ఇంట్లో ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు నోరు తెరుచుకుని విన్నది మాత్రం ఒక్కతే. ఆయన కూతురు సుప్రజ.

ఆళ్ళగడ్డ నుంచి ఆటోలో అరగంట పోతే ఎర్రమిట్టపల్లె వస్తుంది. ఆ ఊరి చావిడి ముందు నల్లగా నున్నగా ఒక రాతిగుండు పడి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పత్తి కాటా మీద పెట్టి తూస్తే సరిగ్గా వంద కిలోలు చూపించిందట. అప్పటి నుంచి దాని పేరు క్వింటా గుండు. ఉగాది మరునాడు ఊళ్ళో మగవాళ్ళు దాన్ని ఎత్తాలి. మోకాలిదాకా లేపితే చప్పట్లు. ఒళ్ళోకి తెచ్చుకుంటే ఈలలు. భుజానికెత్తి వెనక్కి పడేస్తేనే గెలిచినట్టు. గెలిచినవాడికి ఊరు తలపాగా చుట్టి, జబ్బకు వెండి దండకడియం తొడుగుతుంది. మద్దిలేటి తర్వాత ఆ మర్యాద ఎవరికీ దక్కలేదు.

ఆయనకిప్పుడు యాభై ఏడు. చక్కెర జబ్బు వచ్చి ఒంట్లో కండ కరిగిపోయింది. దండకడియం జబ్బ మీద నిలవక మోచేతికి జారిపోతుంటే, లోపల గుడ్డపీలిక చుట్టి తొడుక్కుంటాడు. పొలం పెత్తనం కొడుకు సందీప్ చేతికి పోయింది. విత్తనం ఏం వెయ్యాలో కూడా ఇప్పుడు ఆయన్ని ఎవరూ అడగరు. ఏం మిగిలిందయ్యా మనిషికి అంటే, ఆ కథ మిగిలింది.

సందీప్ బక్కవాడు, గుండు జోలికి పోనేలేదు. తండ్రి మెడ, తండ్రి భుజాలు, తండ్రి జబ్బలు, అన్నీ వెతుక్కుంటూ వచ్చినట్టు కూతురికొచ్చాయి. చిన్నప్పుడు అది అందరికీ ముద్దు. నీళ్ళ బిందెలు రెండు చేతులా రెండు తెచ్చేస్తే "మద్దిలేటి బిడ్డ గదా" అని నవ్వేవాళ్ళు. పదమూడేళ్ళు వచ్చేసరికి అదే తప్పయిపోయింది.

"ఏందే ఆ చేతులు, మగపిల్లోని మాదిరి! కప్పుకో" అనేది తల్లి భారతమ్మ. పండక్కి కుట్టించే ప్రతి గుడ్డకూ మణికట్టుదాకా చేతులు పెట్టించేది. మంచి ఎండాకాలంలో, మిట్ట మీద గాలి కూడా ఆడనప్పుడు, ఆ పిల్ల మోచేతులు చెమటకు పాసిపోయి మండుతుంటే కొబ్బరినూనె రాసేది కానీ చొక్కా చేతులు మాత్రం కత్తిరించనిచ్చేది కాదు.

నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు గోపీనాథ్ సార్ ఆమెను చూశాడు. ఆయన వెయిట్ లిఫ్టింగ్ నేర్పుతాడు. కాలేజీ ల్యాబులో గ్యాస్ సిలిండర్ అడ్డమొస్తే ఆమె పక్కకు పెట్టిన తీరు చూసి, "ఏమ్మా, నువ్వు రేపు పొద్దున షెడ్డుకు రా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆరేళ్ళయింది. ఆమె ఇప్పుడు నంద్యాలలోనే ఒక ప్రైవేటు స్కూల్లో వ్యాయామం టీచరు. పొద్దునా సాయంత్రం ఆ రేకుల షెడ్డులో ఇనుముతో కుస్తీ.

షెడ్డులో ఒక గోడకు నిలువుటద్దం ఉంది. మొదటి ఏడాది ఆమె ఆ అద్దానికి వీపు పెట్టి నిలబడేది. సార్ తిట్టి తిప్పాడు. తలకాయ దించుకుని కాళ్ళు మాత్రం చూసుకునేది. ఒకరోజు బరువు నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నప్పుడు ఖర్మకాలి కళ్ళు పైకి లేచాయి. అద్దంలో రెండు చేతులు. భుజం దగ్గర గుండ్రంగా పొంగి, జబ్బ దగ్గర గట్టిపడి, మోచేతికి వచ్చేసరికి సన్నబడి, మళ్ళీ ముంజేతి మీద నరాలు తేలి. చెమటకు తళతళలాడుతున్నాయి. అబ్బ, ఎంత బాగున్నాయి అనుకుంది. అనుకున్నాక సిగ్గేసింది. ఆ పైన సిగ్గెందుకేసిందో అర్థంకాక కోపమొచ్చింది. బరువు దించి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఎడమచేత్తో కుడి జబ్బ పట్టుకుని చూసుకుంది. చేతికి అందలేదు. ఇన్నాళ్ళూ ఈ చేతుల్నా నేను దాచుకుని తిరిగింది అని ఏడుపొచ్చినంత పనయింది.

ఆ వారమే బట్టలు కుట్టే లూదియా దగ్గరికి పోయి, "పొట్టి చేతులు పెట్టక్కా" అంది. లూదియా టేపు చుట్టి, అంకె చూసి, ఒకసారి ఆమె మొహం చూసి, "ఈ చేతులకు పొట్టి చేతులే బాగుంటాయి పాపా. ఇన్నినాళ్ళు ఏంటికి మూసిపెట్టినావ్?" అంది. ఆ ఒక్క మాటకు సుప్రజ ఆమెకు జీవితాంతం రుణపడిపోయింది.

అందరూ లూదియాలు కారు కదా. బస్సెక్కితే కాలేజీ కుర్రాళ్ళు "అన్నొచ్చినాడు, జరగండ్రా" అని చోటిచ్చేవాళ్ళు. సంబంధాలవాళ్ళకు పంపే ఫోటోను భారతమ్మ భుజాల దగ్గరికి కత్తిరించి పంపేది. వీటన్నిటికీ సుప్రజ మెల్లగా బండబారింది. కుర్రాళ్ళ వైపు తిరిగి "నీ సీటు గూడ ఎత్తి పక్కన పెట్టమంటావా?" అనేంతదాకా వచ్చింది.

బండబారనిది ఒక్కచోటే. ఇంటికొచ్చినప్పుడు తండ్రి ఆమె చేతుల వైపు చూసేవాడు కాదు. పొట్టిచేతుల చొక్కా వేసుకుని ఎదురుగా కూర్చుంటే సంగటి ముద్ద వైపు చూస్తూ, "చున్నీ కప్పుకో తల్లీ" అనేవాడు. అంతకు మించి ఆరేళ్ళలో ఒక్క మాట లేదు. జిల్లాలో బంగారు పతకం తెచ్చి మెడలో వేసుకుని వచ్చినా అంతే. ఆయన చేతులే కదా ఇవి! ఎవరి చేతులనుకుంటున్నాడు? ఒక్కసారి చూసి, "నా చేతులే వచ్చినాయి నీకు" అంటే ఆయన సొమ్మేం పోయింది? ఆ పిల్లకు కావలసింది అదొక్కటే. పతకాలన్నీ తీసుకుపోయి కుందూ ఏట్లో వేయమన్నా వేసేసేది, ఆ మాటకు.

అందుకని ఒక ఆలోచన చేసింది. పిచ్చిపిల్ల. ఆయనకు ప్రాణమైన గుండును తను ఎత్తితే, ఇంక చూడక ఎక్కడికి పోతాడు అనుకుంది.

గోనెసంచుల్లో ఇసుక నింపి, తాళ్ళతో గుండ్రంగా బిగించి, షెడ్డు వెనక నాలుగు నెలలు ఎత్తింది. మొదట డెబ్భై కిలోలు, ఆ తర్వాత ఎనభై, తొంభై. గోపీనాథ్ సార్ చూసి తల పట్టుకున్నాడు. "రాయికి పిడి ఉండదు తల్లీ. నడుం పట్టిందంటే రాష్ట్రపోటీలు గోవిందా. ఏంటికీ పిచ్చి నీకు?"

"మా నాయన ఎత్తినాడు సార్."

"మీ నాయన ఎత్తితే నువ్వెత్తాల్నా?"

ఆమె సంచి మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

ఉగాదికి ఊరికొచ్చింది. పచ్చడి తిన్నాక, ఎండ వాలాక, తండ్రి వసారాలో కూర్చుని ఉంటే పక్కన చేరి, "నాయనా, గుండుకు పట్టు యాడ దొరుకుతాది?" అని అడిగింది.

ఆయన మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళయిందో ఎవరైనా తనంతట తాను అడిగి! "కూసోని సెప్తే తెలీదు, రా సూపిస్తా" అని చెప్పులేసుకున్నాడు. ఇద్దరూ చావిడి దగ్గరికి నడిచారు. రెండేళ్ళ కింద సిమెంటు రోడ్డు వేసినప్పుడు జేసీబీతో గుండును అవతలికి జరిపి, పని కాగానే మళ్ళీ తెచ్చి పెట్టారు. ఆయన గుండు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని రాయి అంతా తడిమాడు. అడుగువైపు, మట్టిలోకి ఉన్నచోట, బొటనవేలు పెట్టి ఆగాడు.

"ఈడ సూడు. రొవ్వంత గుంత ఉండాదా? దేవుడు నాకోసమే పెట్టినాడు. ఎడమచెయ్యి ఈ గుంతలో. కుడిచెయ్యి కిందికి పోవల్ల. ఇంగ రొమ్ముకు అదుముకున్న్యావంటే గుండు నీది."

ఆమె చెయ్యి పట్టుకుని తనే ఆ గుంతలో పెట్టాడు. పొట్టిచేతుల చొక్కా వేసుకుని ఉంది, ఆయన గమనించలేదు. అంత సంతోషంలో ఉన్నాడు. తిరిగి ఇంటికొచ్చేదాకా ఆ రోజు జనం ఎట్లా అరిచారో చెప్తూనే ఉన్నాడు. సుప్రజకు నవ్వు ఆగలేదు. రేపు చూడు నాయనా అనుకుంది లోపల్లోపల.

మరునాడు నాలుగింటికే చావిడి ముందు జనం కిటకిటలాడారు. ఏటా పోటీ జరిపించేది ఓబులేసు, ఊరి పెద్ద. మైకు ఆయన చేతిలో, దండకడియం పళ్ళెంలో. ఆయన కొడుకు వినీత్ ఆళ్ళగడ్డ జిమ్ముకు పోయి రెండేళ్ళుగా డబ్బాల డబ్బాల పొడి తాగుతున్నాడు. ఈ ఏడు వాడిదే అని ఊరంతా అనుకున్నారు. వాడు బనీను విప్పి, రెండువైపులా తిరిగి కండలు చూపించి, గుండు మీదికి వంగాడు. మోకాలు దాటింది. ఒళ్ళోకి రాబోయి జారి దబ్బుమని పడింది. మూడుసార్లూ అంతే. తర్వాత వచ్చినవాళ్ళు మోకాలు కూడా దాటించలేదు.

"ఇంగెవురన్నా ఉండారా?" అన్నాడు ఓబులేసు మైకులో.

"నేనుండా" అంది సుప్రజ.

నవ్వులు. అవి ఆగాక గొడవ. ఆడోళ్ళు ముట్టేదేంది అన్నాడొకడు. "ముట్టగూడదని యాడన్నా రాసినారా మామా?" అని ఆమె అడిగింది. రాసినవాడు ఎవడూ లేడు. ఇన్నేళ్ళలో ఎవతీ రాదనే ధీమాతో ఎవడూ రాయలేదు. ఆడవాళ్ళ గుంపులోంచి జీవమ్మవ్వ గొంతెత్తింది. ఎనభై దాటిన మనిషి. "ఎత్తనీండిరా! ఎత్తల్యాకపోతే నవ్వుదురు గానీ, ఊరికే తొక్కులాడతారేంది?"

నవ్వొచ్చనే మాట అందరికీ నచ్చింది. ఓబులేసు కూడా నవ్వుతూ "కానీ పాపా" అన్నాడు. భారతమ్మ గుంపులోంచి "వద్దే, వద్దు తల్లీ" అంటూనే ఉంది.

సుప్రజ పైన వేసుకున్న పొడుగుచేతుల చొక్కా విప్పి తల్లి చేతిలో పెట్టింది. లోపల షెడ్డులో వేసుకునే చేతుల్లేని బనీను. ఊరంతా ఆ చేతులు చూసింది. ఈసారి ఆమె దాచుకోలేదు. జనంలో తండ్రి ఎక్కడున్నాడో చూసుకుని, ఆయనకు కనబడేటట్టు పక్కకు జరిగి మరీ కూర్చుంది.

ఎడమచెయ్యి గుంతలోకి పోయింది. కుడిచెయ్యి కిందికి. రొమ్ముకు అదుముకుని లేపింది. రాయి మోకాళ్ళ మీదికి, మోకాళ్ళ మీంచి ఒళ్ళోకి వచ్చింది. అక్కడ కాసేపు దాన్ని కావలించుకుని కూర్చుంది, ఊపిరి పట్టి. జనం నవ్వు ఆగిపోయింది. నడుముతో ఒక్క ఊపు ఊపి లేచింది. గుండు రొమ్ము మీదుగా, చర్మం గీరుకుంటూ, కుడి భుజం మీదికెక్కింది. ఒక్క క్షణం దాన్ని అక్కడే నిలిపి ఉంచింది, కావాలనే. తర్వాత వదిలేసింది. వెనక నేల అదిరింది.

మగవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆడవాళ్ళే ముందు అరిచారు. ఏం అరుపులవి! జీవమ్మవ్వ ఎగిరి గంతేసినంత పని చేసింది. సుప్రజకు అవేమీ వినబడలేదు. రొమ్ము మీద రక్తం చారలు కట్టి మండుతున్నా తెలియలేదు. తండ్రి కోసం చూసింది. ఆయన చావిడి అరుగు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. సంతోషం ఎక్కువై అట్లా అయ్యాడనుకుంది. దేవుడా, అదే అనుకుంది ఆ పిల్ల.

ఓబులేసు కడియం పళ్ళెం పట్టుకుని కదల్లేదు. వినీత్ ముందుకొచ్చాడు. "ఇది అసలు గుండు గాదు నాయనా! రోడ్డేసినప్పుడు జేసీబీవోడు మార్చేసినాడు. ఇది తక్కువ బరువుండాది."

"అట్లయితే నువ్వేంటికి ఎత్తల్యాకపోతివిరా?" అని అరిచింది జీవమ్మవ్వ. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. వాడి మొహం మాడిపోయింది. కానీ ఆ మాట మగవాళ్ళలో పాకిపోయింది. అవునప్పా, మార్చినారు, నాకూ అనుమానమే అన్నారు ఒకరి తర్వాత ఒకరు. నిమిషం కింద దాకా ఎవడికీ లేని అనుమానం అందరికీ పుట్టుకొచ్చింది. కాటా మీద పెట్టి తూద్దాం అనే మాట మాత్రం ఒక్కడూ అనలేదు.

"నేను కాపరానికి వచ్చిన్నాటి నుంచి సూస్తాండా, ఇదే గుండు" అంది జీవమ్మవ్వ.

"నీకు కండ్లు కనపడవు, నువ్వూరుకో అవ్వా" అన్నాడు ఓబులేసు. "ఈ గుండును భుజానికెత్తినోడు మనకు బతికుండాడు. ఆయప్పే సెప్పల్ల. ఏమప్పా మద్దిలేటీ, నువ్వెత్తింది ఇదేనా కాదా?"

సుప్రజ గుండె కుదుటపడింది. ఇంకేం భయం? నిన్న సాయంత్రం కళ్ళు మూసుకుని తడిమి చూపించిన మనిషిని అడుగుతున్నారు. నవ్వుతూ పక్కకు జరిగి తండ్రికి దారిచ్చింది.

మద్దిలేటి మెల్లగా వచ్చాడు. గుండు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాయి చుట్టూ చెయ్యి తిప్పాడు. బొటనవేలు గుంతలోకి పోయింది. అక్కడ ఆగింది. సుప్రజ చూస్తూనే ఉంది. ఆ వేలు ఆ గుంతలో చాలాసేపు ఉంది. తర్వాత ఆయన చెయ్యి దులుపుకుని లేచాడు.

"ఇది ఆ గుండు గాదు" అన్నాడు. "నేనెత్తిన దాంట్లో ఇది సగం గూడ ఉండదు."

"నాయనా!" అంది సుప్రజ. "నిన్న నువ్వే గదా..."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపముంటే ఎంత బాగుండేది! తిరగబడేది, అరిచేది, ఆ గుంతలో వేలు పెట్టించి ఊరందరికీ చూపించేది. కోపం లేదు. అడుక్కుంటున్నాడు. ఊరందరి ముందు, గుడ్డపీలిక చుట్టిన కడియంతో, కన్నకూతుర్ని కళ్ళతో అడుక్కుంటున్నాడు. ఆ క్షణంలో ఆమెకు అర్థమైంది. ఆడపిల్ల ఎత్తగలిగిన గుండును ఎత్తాడంటే ఇంక ఆయన ఎత్తినట్టే కాదు. తను భుజం మీంచి వెనక్కి పడేసింది రాయిని కాదు, ఆయన్ని.

"ఏం పాపా, నిన్న ఏంది?" అన్నాడు ఓబులేసు.

నోటిదాకా వచ్చిన మాట వెనక్కి మింగింది. "ఏం లేదు మామా" అంది.

ఊపిరి పీల్చుకున్నట్టు మగవాళ్ళందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఓబులేసు మైకు నోటి దగ్గర పెట్టుకుని, "ఆ దినం మద్దిలేటి ఎత్తింది ఎత్తిందే! ఇంగ ఆ మాదిరి మొగోడు ఈ ఊర్లో పుట్టల్ల!" అన్నాడు. కూతురికి చుట్టవలసిన తలపాగా తండ్రికి చుట్టారు. ఆయన తల వంచి చుట్టించుకున్నాడు. చప్పట్లు కూడా కొట్టారండీ, ఏం తక్కువ చెయ్యలేదు. కుర్రాళ్ళు నలుగురు కలిసి గుండును దొర్లించుకుంటూ పోయి మోరీలో పడేశారు. ఆళ్ళగడ్డలో రాతిపని వాళ్ళ దగ్గర కొత్తది చేయించాలని, దాన్ని ఆడవాళ్ళు ముట్టకూడదని, ఈసారి ఆ మాట దాని మీదే చెక్కించాలని అక్కడికక్కడే తీర్మానమైంది.

"థూ! గుండు మారల్యా, మీ మొగాలు మారినాయి" అని జీవమ్మవ్వ ఉమ్మేసి ఇంటికి పోయింది.

ఇంట్లో భారతమ్మ పసుపు నూరి కూతురి రొమ్ము మీది గీతలకు పూస్తూ ఏడ్చింది. "మీ నాయనకు ఆ గుండొకటే మిగిలి ఉండె కదమ్మా."

"నాకేం మిగిలింది అమ్మా?" అంది సుప్రజ. "ఆయన కోసరమే గదా ఎత్తింది! ఆయన సూస్తాడనే గదా!"

"నువ్వు తెలిసి చేసినావా? నీకేం తెల్సు."

"ఆయనకు తెల్సు గదా."

పసుపు మండుతోందని చెప్పి సుప్రజ తనివిదీరా ఏడ్చింది. మద్దిలేటి ఆ పూట అన్నానికి లోపలికి రాలేదు. వసారాలోనే పడుకున్నాడు.

పొద్దున ఆమె నంద్యాలకు బయల్దేరింది. ఆటోలో ముందే ఓబులేసు, మద్దిలేటి కూర్చుని ఉన్నారు. కొత్త గుండుకు రాయి చూడటానికి ఆళ్ళగడ్డ పోతున్నారు. మంచి రాయి ఏదో చెప్పగలిగినవాడు మద్దిలేటే అని ఓబులేసు పిలుచుకొచ్చాడట. ఎన్నేళ్ళయిందో ఊళ్ళో ఎవరైనా ఆయన్ని ఒక సలహా అడిగి. ఆయన ఇస్త్రీచొక్కా వేసుకున్నాడు. దారి పొడుగునా ఓబులేసు ఒక్కడే మాట్లాడాడు. రాతిపని కొట్ల దగ్గర ఆటో ఆగింది. సగం చెక్కిన దేవుళ్ళు, నాయకులు రోడ్డు పక్కన వరుసగా నిలబడి ఉన్నారు. రాతిపొడి ఎగిరి ఆటోలోకి కొట్టింది. మద్దిలేటి దిగాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. సుప్రజ ఆశగా తల బయటికి పెట్టింది. చూడండి ఆ పిల్ల ఆశ, ఇంత జరిగాక కూడా.

"చున్నీ కప్పుకో తల్లీ" అన్నాడు. "దుమ్ము కొడతాంది."

సుప్రజ కప్పుకోలేదు. ఆటో కదిలింది.

నంద్యాలలో గోపీనాథ్ సార్ అడిగాడు, ఎత్తినావా అని. "లేదు సార్" అంది. రొమ్ము మీది గీతలు మానేదాకా బరువు ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత ఆ పిల్ల ఎత్తిన తీరు చూసి ఆయనే భయపడ్డాడు. మాటలు తగ్గిపోయాయి. ఎవరి మీదనో కసి తీర్చుకుంటున్నట్టు ఎత్తేది. ఎవరి మీదనో ఆమెకూ సరిగా తెలియదు. ఒక్కోరోజు తండ్రి మీద, ఒక్కోరోజు తన మీద. ఇంటికి పోవడం తగ్గించింది. ఫోను చేస్తే తల్లితోనే మాట్లాడేది.

రాష్ట్రపోటీలు విజయనగరంలో జరిగాయి. మూడో ప్రయత్నంలో నూటరెండు కిలోలు నెత్తి మీదికెత్తి నిలబెట్టింది. ఎత్తింది సరిగ్గా ఉందన్నట్టు మూడు తెల్లలైట్లు వెలిగాయి. చేతులు రెండూ పైన, బరువుతో సహా, వణక్కుండా. గోపీనాథ్ సార్ పిల్లవాడిలా కేకలు పెట్టాడు. రాష్ట్రంలో మొదటి స్థానం. పేరు పిలిచేలోపు మొహం కడుక్కుందామని పక్కకు పోతే ఫోను మోగింది. తండ్రి. ఆయన తనంతట తాను ఫోను చెయ్యడం ఉగాది తర్వాత ఇదే మొదటిసారి.

"ఏం పాపా. పోటీలంట కదా. మీయమ్మ సెప్పె."

"ఊఁ, అయిపోయినాయి నాయనా. గెలిచినా."

"ఆఁ." వెనక ఎక్కడో టీకొట్టు చప్పుళ్ళు, మనుషుల మాటలు. ఒక్కడే లేడు. "ఎంతెత్తినావు?"

ఆ అడగడంలో ఏముందో ఆమెకు చెప్పనక్కర్లేదు. గొంతు మామూలుగా ఉంచుకోవాలని ఆయన పడుతున్న అవస్థ ఫోనులోంచి తెలుస్తోంది. చెప్పేద్దామనుకుంది. నూటరెండు నాయనా, నూటరెండు, నెత్తి మీదికి, నీ క్వింటా కంటే రెండెక్కువ అని ఆ టీకొట్టు అంతా వినబడేటట్టు అరవాలనిపించింది.

"ఎనభై ఎనిమిది" అంది.

అవతల ఒక నిట్టూర్పు. ఎంత పెద్ద నిట్టూర్పంటే, ఉగాది నాటి నుంచి ఆ మనిషి ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడేమో అనిపించింది. "ఎనభై ఎనిమిదా!" అన్నాడు. గొంతు ఒక్కసారిగా విచ్చుకుంది. ఎంతో ప్రేమగా, పక్కనున్నవాళ్ళకు వినబడేటట్టు గట్టిగా అన్నాడు, "శానా ఎక్కువమ్మా, ఆడపిల్లకు అది శానా ఎక్కువ! ఎవురనుకున్న్యారు, నా బిడ్డ! నా చేతులే వచ్చినాయి తల్లీ నీకు, అచ్చం నా చేతులే!"

పద్నాలుగు కిలోలు తగ్గించి చెప్తే వచ్చింది ఆ మాట. రేపు పేపర్లో అసలు అంకె పడినా ఏం కాదు. పేపరోళ్ళు తప్పు రాసినారంటాడు, ఊరంతా నమ్ముతుంది. సుప్రజ ఫోను చెవికి ఆనించుకుని నిలబడింది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఎదుటివాళ్ళకు అప్పుడే గుండు సంగతి మొదలుపెట్టాడు.

"అవును నాయనా, నీ చేతులే" అని ఆమె ఫోను పెట్టేసింది.